పాలచెట్టుకు కూడా పండ్లు కాస్తాయి

"దేశవాళీ పండ్ల చెట్ల మీద పరిశోధనలు చేయడం వల్ల రైతుకు ఏమైనా ఒరిగిందా?" అని నన్ను ఒకరు అడిగారు. ఒరిగిన మాట నిజమే కానీ, నేను చూసినంతలో ఆ మేలు ఎక్కువగా దక్కింది పరాయి పండ్లకే. నా తోటలో జరిగినదే చెబుతాను.

సపోటా మధ్య అమెరికా ప్రాంతపు చెట్టు. మన దగ్గర నాటే సపోటా అంటులో పైభాగం మాత్రమే సపోటా, కింద వేరు మన దేశవాళీ పండ్ల చెట్టైన పాలచెట్టుది. సపోటా, పాల, ఇప్ప, పొగడ అన్నీ ఒకే కుటుంబంలోవి కాబట్టి, ఉద్యాన శాస్త్రవేత్తలు సపోటా విత్తన మొక్కల మీద, ఇప్ప మీద, పాల మీద అంటు కట్టి చూసి, వీటన్నిటిలోకీ పాల వేరే మేలని తేల్చారు. పాల మొక్క చాలా మెల్లగా పెరుగుతుంది కాబట్టి అంటుకు తగినంత లావెక్కడానికి నర్సరీవారు రెండేళ్ల దాకా ఓపిక పట్టాలి. ఇంత శ్రమపడి పెంచిన ఆ చెట్టు తలను నరికి, సపోటాకు కాళ్లుగా అమర్చడమే మనం దానికి చూపిన ఉపయోగం.

విశాఖపట్నం శివారు పల్లెలో మాకు ఉన్న అరెకరంలో 2009లో సపోటా అంట్లు నాటాము. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు సగం చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, గట్టు పక్కన ఉన్న ఒక చెట్టు మాత్రం సరిగ్గా అంటు అతుకు దగ్గర విరిగింది. కొన్ని నెలలకు ఆ మోడు నుంచి చిగుళ్లు వస్తే, సపోటా మళ్లీ బతికిందని నేను సంబరపడ్డాను. తోటలో పనిచేసే పెద్దాయన ఒక ఆకు తుంచి నా చేతిలో పెట్టి, "కొన చూడండి బాబూ, నొక్కు ఉంది. ఇది సపోటా కాదు, పాల" అన్నాడు. పనికిరానిది కదా, తవ్వించేద్దామని నేనంటే, నాన్నగారు వద్దన్నారు. చిన్నతనంలో కొండవాలున ఆ పళ్ల కోసం పిల్లలందరూ పోటీపడి పరుగెత్తేవారని, తినడం అయ్యాక పెదవులు జిగురుకు అంటుకుపోయి మాట పెగిలేది కాదని ఆయన చెప్పేటప్పుడు ముఖంలో కనబడిన వెలుగు చూసి ఊరుకున్నాను.

2022 మే నెలలో ఆ చెట్టు మొదటిసారి నిండుగా కాసింది. వేపపండు కంటే కొంచెం పెద్దవిగా, పసుపుపచ్చగా, లోపల ఒక్క గింజతో ఉండే ఆ పండ్ల తీపి ముందు సపోటా చప్పనిదని నా అభిప్రాయం. ఒక గంపెడు సంతకు పంపితే మాత్రం సాయంత్రానికల్లా మెత్తబడి, నీరు కారి, పులిసిన వాసనతో తిరిగివచ్చాయి. ఈ పండు ఎందుకు వెనకబడిందో ఆ గంపను చూస్తే నాకు అర్థమైంది. గుజరాత్‌లో దీనిని ఎండబెట్టి కిస్‌మిస్‌లాగా అమ్ముకుంటారు. అక్కడే గోద్రా సమీపంలోని వేజల్‌పూర్ ఉద్యాన ప్రయోగ కేంద్రంవారు పాలలో 'థార్ రుతురాజ్', నేరేడులో 'గోమా ప్రియాంక', మారేడులో 'గోమా యశి' అనే రకాలను ఎంపిక చేసి విడుదల చేశారు. పరిశోధన అంటే ఇలా పండును పండుగా చూడడమని నేను అనుకుంటాను. మన వైపు పాలను వరుసలు తీసి నాటిన తోట ఒక్కటి కూడా ఇంతవరకు నా కంటబడలేదు.

పేర్ల చిక్కు మరొకటి. నర్సరీకి వెళ్లి "పాల మొక్క కావాలి" అంటే సపోటా అంటు చేతికిస్తారు, ఎందుకంటే మన ప్రాంతంలో ప్రసిద్ధమైన ఒక సపోటా రకం పేరు కూడా పాలే. ఇక సీతాఫలం, జామ, బొప్పాయి, జీడిమామిడి మొక్కలకు "దేశవాళీ" అని చీటీ కట్టి అమ్మేవారికి, అవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవేనని ఎవరైనా చెప్పాలి. నేరేడును పండుగా మరచిపోయి, దాని గింజల పొడిని మధుమేహానికి తిరుగులేని మందుగా ప్రచారం చేసేవారి మీద నాకు ఇంకా ఎక్కువ కోపం ఉంది.

ప్రస్తుతం ఏటా వేసవిలో మా మేడ మీద పాత చీర పరిచి, రెండు మూడు కిలోల పాలపండ్లు ఎండబెడుతున్నాము. చీమలతో యుద్ధం తప్పడం లేదు, కానీ ఎండినవి నెలల తరబడి నిలుస్తున్నాయి. ఈ సంగతి తెలిసి, కిందటి మే నెలలో ఒక నర్సరీ యజమాని మా ఇంటికి వచ్చి బేరం ఆడాడు. పండ్లు ఎంత చొప్పున తీసుకుంటారని అడిగితే, "పండ్లు నాకెందుకండీ, మీరే తినండి. గింజలు మాత్రం కడిగి, నీడన ఆరబెట్టి ఇవ్వండి, సపోటా అంట్లకు కావాలి" అన్నాడు.