ప్రాక్టీస్ అయ్యాకే అసలు జాగ్రత్త

చిత్తూరు

చిన్నీ,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మీ అవ్వకు ఒకటే బెంగ. రెండు నెలల్లో మూడోసారి జలుబు, అదీ సరిగ్గా పరుగుపోటీల మీట్ ముందే. "ఇంత పరిగెత్తేదాన్ని, నాకే ఎందుకొస్తోంది తాతా?" అన్నావు. ఫోన్‌లో చెప్తే సగమే వింటావు, మిగతా సగం టెన్షన్ పడతావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

పరుగు మానేయమని చెప్పను. రోజూ మితంగా వ్యాయామం చేసేవాళ్ళకు జలుబులు తక్కువే వస్తాయి. అయితే గట్టిగా పరిగెత్తేటప్పుడు అడ్రినలిన్ పెరిగి, క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు రక్తంలోకి ఎగబడి వస్తాయి. ఆపాక కొన్ని గంటలపాటు వాటి సంఖ్య మామూలు కంటే కిందికి పడిపోతుంది. వారాల తరబడి విశ్రాంతి లేకుండా సాగితే ఉమ్మిలో ఉండే ఐజీఏ అనే యాంటీబాడీ కూడా తగ్గవచ్చు. ముక్కు, గొంతు దగ్గర క్రిములను అడ్డుకునేది అదే.

1987లో లాస్ ఏంజిలిస్ మారథాన్ పరిగెత్తిన వాళ్ళలో దాదాపు 13 శాతం మంది తర్వాతి వారంలో జలుబు, గొంతునొప్పి వచ్చాయన్నారు. అలాగే శిక్షణ పొంది, ఆ రోజు పరిగెత్తని వాళ్ళలో 2 శాతమే. ఆ లెక్క విని మా కోచ్‌లం చాలా కాలం పిల్లల్ని భయపెట్టాం. 2018లో ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీ వాళ్ళు రక్తంలో తగ్గిన ఆ తెల్లకణాలు చచ్చిపోవు, ఊపిరితిత్తుల్లాంటి చోట్లకు కాపలాకు వెళ్తాయి అని వాదించారు. జనంలో తిరగడం, నిద్ర చెడడం, ప్రయాణాలు, చాలని తిండి, వీటినే ఎక్కువగా అనుమానించాలన్నారు. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్ళు గ్రౌండ్‌లో పిల్లల్ని చూసినవాణ్ణి, నేను ఈ రెండో మాటకే మొగ్గుతాను.

ఇప్పుడు నీ సంగతి చూడు. పొద్దున నాలుగున్నరకు లేస్తున్నావు. రాత్రి పదకొండు దాటినా ఫోన్ చేతిలోనే ఉంటోందని మీ అమ్మ చెప్పింది. అంటే ఐదు గంటల నిద్ర. నీ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలమ్మా. పెద్దవాళ్ళ ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి పరీక్షిస్తే, ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్ళకు, ఏడు గంటలు దాటి నిద్రపోయేవాళ్ళకంటే నాలుగు రెట్లు ఎక్కువగా జలుబు పట్టుకుంది. తొమ్మిదికల్లా పడుకో. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

తిండి సంగతి. యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఖాళీ కడుపుతో ఇంటర్వల్స్ (మధ్యమధ్య ఆగుతూ వేగంగా తీసే పరుగులు) కొట్టి, ఎనిమిదిన్నరకు హాస్టల్ టిఫిన్ దాకా ఏమీ తినడం లేదట. ఒంట్లో చక్కెర అడుగంటిన కొద్దీ రోగాలతో పోరాడే శక్తిని అణిచే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఇంకా పెరుగుతుంది. వెళ్ళేముందు ఒక అరటిపండు తిను. ఆపిన అరగంటలో రెండు ఉడికించిన గుడ్లు, గుప్పెడు చెనక్కాయలు, బెల్లం ముక్క తిను. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని సంగటి ముద్ద సగం చేయొద్దు. నెలసరి తప్పుతుంటే సిగ్గుపడకుండా అమ్మకు చెప్పి డాక్టర్‌కు చూపించుకో. ఒంటికి తిండి చాలట్లేదనడానికి అదొక గుర్తు.

ఆదివారాలు అలిపిరి మెట్లు పరిగెత్తి ఎక్కుతున్నావని విన్నా. 3,550 మెట్లు, అదీ శనివారం హార్డ్ వర్కవుట్ అయిన మర్నాడు! స్వామిని చూడాలనుంటే నిదానంగా నడిచి ఎక్కు, నేనూ వస్తా. ట్రైనింగ్ పేరుతో మాత్రం విశ్రాంతి రోజును పాడు చేసుకోవద్దు. మంచినీళ్ళ సీసా ఎవరిది వాళ్ళే వాడండి. చెమట బట్టలతో బస్టాండులో నిలబడొద్దు.

ఇక జ్వరం. ముక్కు కారుతుంటే, గొంతు కాస్త గరగరగా ఉంటే తేలిగ్గా జాగింగ్ చేయొచ్చు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే గ్రౌండ్ గడప తొక్కొద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని కూడా వాపెక్కిస్తాయి. అలాంటప్పుడు పరిగెత్తితే ప్రాణాపాయం. ఒకప్పుడు నా దగ్గర శిక్షణ తీసుకునే అబ్బాయి జ్వరంతోనే జిల్లా మీట్‌కు వచ్చాడు. మాత్ర ఇచ్చి లైన్‌లో నిలబెట్టింది నేనే. 1500 మీటర్లలో చివరి రౌండ్‌లో కుప్పకూలాడు. బతికాడు, కానీ ఆ సీజన్ మొత్తం పరిగెత్తలేదు. జిల్లా మీట్ అంటే ఇప్పటికీ నాకు వాడే గుర్తొస్తాడు.

వానాకాలం తిరుపతిలో డెంగీ కూడా ఉంటుంది. జ్వరమొస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా డాక్టర్‌ను అడక్కుండా వేసుకోకు. డెంగీ అయితే ఇబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావం తేవచ్చు. రక్తపరీక్ష చేయించుకో. కోచ్ కోప్పడితే నా నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా.

పొద్దున కళ్ళు తెరవగానే, మంచం దిగకముందే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయి. రోజూ ఉండేదానికంటే పది పెరిగిందంటే ఆ రోజు తేలిక పరుగే. వారం రోజుల లెక్క ఆదివారం నాకు ఫోటో తీసి పంపు. శనివారం బస్సుకు మీ అమ్మ వస్తోంది. రాగిపిండి, వేయించిన చెనక్కాయలు, బెల్లం అవ్వ సంచిలో పెట్టింది.

మీ తాత