చిట్టికి, ఆ సర్వర్ పెట్టుకునే ముందు

చిట్టితల్లికి మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "స్టూడియోలో డిస్కులన్నీ తీసేసి ఏదో లైనక్స్ పెట్టె కొందట, అందులో జెడ్‌ఎఫ్‌ఎస్ వేస్తుందట. నీకేమైనా తెలుసా తమ్ముడూ?" అని అడిగింది. తెలుసా అంటే ఏం చెప్పను! అది డిస్కుల్లో ఫైళ్లను దాచే ఫైల్ సిస్టమ్. సన్ అనే కంప్యూటర్ కంపెనీ వాళ్లు 2005లో దాన్ని తమ సొలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌లోకి తెచ్చారు. ఆ తర్వాత నా ఉద్యోగంలో సగం దానితోనే గడిచింది. 2010లో ఒరాకిల్ సన్‌ను కొనేశాక మా ఆఫీసులో ఆ మెషిన్లు ఒక్కొక్కటే పోయాయి గానీ, ఇది ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో లైనక్స్‌లో బతికే ఉంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా పిల్ల దాన్ని టెర్మినల్లో నడుపుతానంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

కానీ అక్క ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అంది. "గంటకో స్నాప్‌షాట్ తీస్తుందట, ఇంక బ్యాకప్పే అక్కర్లేదంటోంది" అని. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణాన ఫైళ్లెలా ఉన్నాయో పట్టి ఉంచడమే. దానికి తర్వాత తిడతాను, చదువు.

తేలికవి ముందు చెప్పేస్తాను. రెండు డిస్కులతో మిర్రర్ పెట్టుకో, రెండింట్లోనూ ఒకే డేటా ఉంటుంది. ఆ డిస్కుల్ని కలిపి పూల్ చేసేటప్పుడు లైనక్స్ వాటికి పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు ఇవ్వకు, రీబూట్ అయితే ఆ పేర్లు తారుమారవుతాయి. బై-ఐడీ ఫోల్డర్లో సీరియల్ నంబర్‌తో ఉన్న పేర్లివ్వు. బ్లాకు సైజు చెప్పే యాష్‌షిఫ్ట్ 12, కంప్రెషన్ ఎల్‌జెడ్4. యూపీఎస్ లేకుండా ఆన్ చెయ్యకు. డేటా ఎక్కడైనా పాడైందేమో మొత్తం చదివి చూసే స్క్రబ్ నెలకోసారి నడవాలి. ఉబుంటూలో అయితే ఆ ప్యాకేజీయే రెండో ఆదివారం నడిపిస్తుంది, నువ్వు జెడ్‌పూల్ స్టేటస్ కొట్టి ఫలితం చూస్తే చాలు. పెళ్లికో ఫోల్డర్ కాదు, పెళ్లికో డేటాసెట్ చెయ్యి, అంటే పూల్ లోపల దేనికదే విడిగా ఉండే ఫైల్ సిస్టమ్. స్నాప్‌షాట్ తీసినా, వెనక్కి తిప్పినా, తుడిచేసినా అన్నీ డేటాసెట్ మీదే జరుగుతాయి. ఒక పెళ్లి మీద నువ్వు చేసిన పని ఇంకో పెళ్లికి తగలకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆఫీసులో ఒక కుర్రాడుండేవాడు. చురుకైనవాడు, నాకంటే వేగంగా టైప్ చేసేవాడు. ఒక గురువారం మధ్యాహ్నం అకౌంట్స్ నుంచి ఒకావిడ వచ్చి, సోమవారం పొరపాటున ఏదో ఫైలు చెరిపేశానంది. రాత్రికొకటి చొప్పున స్నాప్‌షాట్లున్నాయి కాబట్టి ఆదివారం రాత్రి దాంట్లో ఆ ఫైలుంటుంది. వాడు డేటాసెట్ మొత్తాన్ని స్నాప్‌షాట్ నాటికి వెనక్కి తిప్పే జెడ్‌ఎఫ్‌ఎస్ రోల్‌బ్యాక్ అని కొట్టి ఆదివారం స్నాప్‌షాట్ పేరిచ్చాడు. అది ఒప్పుకోలేదు. దీనికంటే కొత్త స్నాప్‌షాట్లు ఉన్నాయి, ఈ కింద వాటిని బలవంతంగా తొలగించాలంటే మైనస్ ఆర్ వాడు అని చెప్పి, సోమ, మంగళ, బుధవారాల పేర్లు వరసగా చూపించింది. మావాడు అందులో "మైనస్ ఆర్ వాడు" అన్న ముక్కే చదివాడు. పై బాణం నొక్కాడు, మైనస్ ఆర్ చేర్చాడు, ఎంటర్ కొట్టాడు.

"వచ్చేసింది మేడమ్, చూసుకోండి" అన్నాడు. ఆవిడ ఫైలు నిజంగానే వచ్చింది. పది నిమిషాల్లో ఆ సెక్షన్ వాళ్లంతా మా గుమ్మం ముందున్నారు. సోమవారం పొద్దుటి నుంచి వాళ్లు ఎక్కించినదేదీ లేదు. మళ్లీ బుధవారానికి వెళ్దామంటే బుధవారం స్నాప్‌షాట్ ఎక్కడుంది? ఆ మైనస్ ఆరే దాన్ని తినేసింది. పైగా నెలాఖరు. వోచర్ల కట్టలు దింపుకుని అందరూ మళ్లీ టైప్ చేశారు, వాడూ వాళ్ల పక్కన కూర్చుని చేశాడు. ఫైలు పోగొట్టుకున్న ఆవిడే వాడికి తన డబ్బాలోని పులిహోర పెట్టింది. నేనది ఇప్పటికీ మర్చిపోలేదు. పాపం, మంచావిడ.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, ఆ పనికి రోల్‌బ్యాకే అక్కర్లేదు. డేటాసెట్ మౌంట్ అయిన చోట డాట్ జెడ్‌ఎఫ్‌ఎస్ అని ఒక ఫోల్డరుంటుంది. ఎల్ఎస్ మైనస్ ఏ కొట్టినా కనపడదు గానీ, పేరిచ్చి సీడీ కొడితే లోపలికి పోతుంది. అందులో స్నాప్‌షాట్ అనే ఫోల్డర్, దాని లోపల నువ్వు తీసినవన్నీ పేర్ల వారీగా ఉంటాయి. కావలసిన ఫైల్ని సీపీతో బయటికి తెచ్చుకోవడమే. అక్కడివన్నీ చదవడానికే గనక నువ్వు చెడగొట్టడానికి కూడా ఏమీ ఉండదు. చిట్టీ, రేపు ఎవరి తాళికట్టు క్లిప్పో చెరిగిపోయిందని నీ ఎడిటర్ కంగారుపడితే నువ్వు వెళ్లాల్సింది అక్కడికి.

ఇలా "వాడు" అని ఊరించే చోట్లు ఇంకో రెండున్నాయి. స్నాప్‌షాట్ తుడవబోయి, డేటాసెట్ పేరు తర్వాత వచ్చే ఎట్ గుర్తూ (@), దాని తర్వాతి స్నాప్‌షాట్ పేరూ మర్చిపోయావనుకో, డెస్ట్రాయ్ కమాండ్ మొత్తం డేటాసెట్ మీద పడుతుంది. దాని కింద స్నాప్‌షాట్లుంటే ఆగి, "మైనస్ ఆర్ వాడు" అంటుంది. మిర్రర్ పూల్‌కి, ఉన్న డిస్కుకి జతగా చేర్చే అటాచ్ బదులు పూల్‌ని పెంచే యాడ్ కొట్టి ఒంటి డిస్క్ ఇస్తే, జత కుదరలేదు, "మైనస్ ఎఫ్ వాడు" అంటుంది. అది చెప్పింది కదా అని నువ్వు కొట్టకు. అలా అడిగినప్పుడు కీబోర్డ్ వదిలేసి లేచి, కాఫీ పెట్టుకుని వచ్చి, మొదటి లైను నుంచి మళ్లీ చదువు. ఏది తుడవాలన్నా ముందు జెడ్‌ఎఫ్‌ఎస్ డెస్ట్రాయ్ మైనస్ ఎన్‌వీ అని కొట్టు. ఏమేం పోతాయో, ఎంత చోటు మిగులుతుందో చెప్తుంది, దేన్నీ ముట్టుకోదు.

చోటు అంటే గుర్తొచ్చింది. డెలివరీ అయిపోయిన పెళ్లి ఫుటేజీ చెరిపేశాక కూడా డిస్క్ నిండుగానే కనిపిస్తుంది, కంగారు పడకు. పాత బ్లాకుల్ని స్నాప్‌షాట్లు పట్టుకుని ఉంటాయి. రెండు స్నాప్‌షాట్లు కలిసి పట్టుకున్నది యూజ్డ్ కాలమ్‌లో ఏ ఒక్కదాని ఖాతాలోనూ పడదు, అందుకే కూడితే లెక్క తేలదు. పార్టీ ఇంకా ఆల్బమ్ తీసుకోని పెళ్లి స్నాప్‌షాట్‌కి హోల్డ్ పెట్టు. రిలీజ్ చేసేదాకా ఎవరు డెస్ట్రాయ్ కొట్టినా అది పోదు.

ఇక తిట్లు. బ్యాకప్ అక్కర్లేదా? ఎవరు చెప్పారే నీకు? స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్కుల మీద. ఆ డిస్కులుండేది విజయవాడ సింగ్ నగర్లో, అద్దె తక్కువని నువ్వు తీసుకున్న గ్రౌండ్ ఫ్లోర్లో! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ వీధుల్లో పడవలు తిరిగాయి. నీళ్లొస్తే మిర్రర్లో రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి. జనం పెళ్లి మళ్లీ చేసుకోరమ్మా, నువ్వు మళ్లీ షూట్ చెయ్యడానికి.

అందుకని తెనాలిలో మీ అమ్మ మేడ మీద గదిలో ఇంకో చిన్న పెట్టె పెట్టు. మొదటిసారి టెరాబైట్లన్నీ నెట్ మీద పంపాలని చూడకు. ఆ డిస్క్‌ని స్టూడియోకే తెచ్చి, స్నాప్‌షాట్లను ఒక పూల్ నుంచి ఇంకో పూల్‌కి పంపే సెండ్, రిసీవ్‌తో నింపి, ఊడదీసేందుకు జెడ్‌పూల్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లు. ఆ తర్వాత రాత్రిపూట సెండ్ మైనస్ ఐతో కొత్తగా మారినంత వరకే నెట్‌లో భద్రంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ మీద పంపుకోవచ్చు. రెండు వైపులా ఉన్న ఆఖరి ఉమ్మడి స్నాప్‌షాట్‌ని మాత్రం తుడవకు, అది పోతే మళ్లీ మొదట్నుంచి పంపాలి. తెనాలి వైపు రీడ్‌ఓన్లీ ఆన్ చెయ్యి.

నేను దసరాకి వస్తున్నాను. పాత ఎక్స్‌టర్నల్ డిస్కులు అప్పటిదాకా ఫార్మాట్ చెయ్యకు, అల్లుడిక్కూడా చెప్పు, ఎవరికీ అమ్మొద్దని. తెనాలి పెట్టెలోంచి ఒక పెళ్లి వెనక్కి తెచ్చి, ప్లే చేసి నాకు చూపించాక అప్పుడు ఆలోచిద్దాం. ఈలోపు జెడ్‌పూల్ స్టేటస్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టు. మొత్తం కనపడాలి, సగం కత్తిరించి పంపకు.

ఉంటాను,
మావయ్య