గేదెకు పదే పదే కడుపుబ్బరం: జలగ కాదు, తీగను వెతకండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర గోదావరి లంక గ్రామం. మా ముర్రా గేదె మూడో ఈత ఈని 25 రోజులైంది. పది రోజులుగా కడుపు ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్లీ ఉబ్బుతోంది. ఈనడానికి ముందు నెలలో కూడా రెండుసార్లు ఇలాగే జరిగింది. పేడ కొద్దికొద్దిగా, తారులా నల్లగా వేస్తోంది. 9 లీటర్ల పాలు 2 లీటర్లకు పడిపోయాయి. నాలుగు రోజులుగా ముందుకాళ్ల మధ్య రొమ్ము దగ్గర నీరు దిగింది. చెవి పట్టుకుని చూస్తే జ్వరం లేదు. జలగ జబ్బని మందుల దుకాణంలో చెబితే జలగల మందు రెండుసార్లు తాగించాం. ఉబ్బరానికి నూనె, వంటసోడా పట్టాం. కాల్షియం సీసా ఎక్కించాం. ఒక ఇంజెక్షను వేయించాక రెండు రోజులు బాగా మేసి మళ్లీ మానేసింది. ఇంకా ఏ మందు వాడాలి? ఆపరేషన్ అంటున్నారు, గేదె తట్టుకుంటుందా?

జవాబు: మీ గేదెకు జలగ, అంటే కాలేయంలో చేరే చదునైన పురుగు, అసలే లేదని నేను అనను. కాలువ నీళ్లు తాగి, నత్తలున్న గట్ల మీద మేసే డెల్టా గొడ్డుకు అంతో ఇంతో జలగ ఉంటుంది. కానీ ఇప్పుడు దాని ప్రాణం మీదికి తెచ్చింది జలగ కాదు. జలగ జబ్బు నెలల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. నీరు ముందుగా దవడ కింద దిగుతుంది, కంటి లోపలి పొర తెల్లగా పాలిపోతుంది, ఎక్కువగా పేడ పలచబడుతుంది. మీరు రాసిన వాటిలో ఇవేవీ లేవు. జలగ సంగతి పేడ పరీక్షలో గుడ్లు చూసి తేల్చుకోవచ్చు. ఆ పరీక్ష చేయించకుండానే నీరసంగా ఉన్న పాడిగేదెకు పది రోజుల్లో రెండుసార్లు జలగల మందు పట్టారు. పడిపోయిన పాలలో కొంత ఆ మందు పుణ్యమే.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది: ఈనక ముందే రెండుసార్లు ఉబ్బింది. నిండు చూలులో మొదలై, ఈనాక ముదిరి, నూనెకూ సోడాకూ లొంగని ఉబ్బరం, దానికి తోడు తారులాంటి కొద్దిపాటి పేడ అంటే గేదెలో నేను మొదట అనుమానించేది మింగిన తీగను. రెండోది, ఆ తీగ చేసిన బలహీనత వల్ల ఉదరవితానం చిరిగి పొట్ట భాగం రొమ్ములోకి జారడం. ఉదరవితానం అంటే రొమ్మునూ పొట్టనూ వేరు చేసే కండ పొర.

ఇది ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెబుతాను. గేదె మేతను నమలకుండా నాలుకతో చుట్టి మింగేస్తుంది. మేతలో ఉన్న తీగ, మేకు, సూది బరువు కొద్దీ తేనెపట్టులా గళ్లుండే రెండో పొట్టలోకి చేరతాయి. ఆ పొట్ట సుమారు నిమిషానికోసారి గట్టిగా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడల్లా తీగ కొన ముందుకు గుచ్చుకుంటుంది. ముందున్నది ఉదరవితానం, దానికి బెత్తెడు అవతల గుండె. చూలు దూడ బరువు వెనుక నుంచి నెడుతుంది, ఈనేటప్పుడు ముక్కడం దానికి తోడవుతుంది. తీగ వల్ల పలచబడిన చోట పొర చిరుగుతుంది. తేనెపట్టు పొట్ట ఆ కంతలోంచి రొమ్ములోకి జారి చిక్కుకుంటుంది. ఇక మేత ముందుకు కదలదు. ఆవుల్లో ఇది అరుదు, గేదెల్లోనే ఎక్కువగా చూస్తాం.

తీగ గుండె సంచిని తాకిందా లేదా అన్నదాని మీదే మీ గేదె బతుకు ఆధారపడి ఉంది. రొమ్ము దగ్గర నీరు దిగిందన్నారు కాబట్టి నాకు భయంగా ఉంది. ఉదరవితానం చిరిగినప్పుడు కూడా కొన్ని గేదెలకు అక్కడ నీరు దిగుతుంది, అందుకే ఆశ వదలడం లేదు. ఈ రోజే చూడవలసినవి చెబుతాను. చెవి పట్టుకుని జ్వరం చెప్పడం మానండి. థర్మామీటరును ఆసనంలో రెండు నిమిషాలు ఉంచి చూడండి. 101 డిగ్రీల చుట్టూ ఉంటే మంచిదే, 103 దాటితే లోపల చీము పడుతోందని అనుమానించాలి. గేదె తల నిటారుగా ఉన్నప్పుడు మెడ పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చూడండి. అది తాడులా ఉబ్బి, దవడ దాకా కొట్టుకుంటుంటే గుండె సంచిలో చీమునీరు చేరినట్టే. మోచేతులు పక్కలకు ఎడంగా పెట్టి నిలబడుతోందా? పల్లానికి నడిపిస్తే మొరాయిస్తోందా, మూలుగుతోందా? మూపు వెనుక చర్మాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టి పైకి లాగండి. ఆరోగ్యంగా ఉన్న గేదె నడుము కిందికి వంచుతుంది. తీగ ఉన్న గేదె వంచదు, ఊపిరి బిగబట్టి మూలుగుతుంది. రొమ్ము ఎముక చివర కింద వెదురు బొంగు పెట్టి ఇద్దరు ఎత్తి చూసే పాత పరీక్ష కూడా మంచిదే, కానీ కడుపు బిగిసి ఉన్నప్పుడు దాని జోలికి పోకండి.

ఇవన్నీ అనుమానాన్ని బలపరుస్తాయి, తేల్చవు. తేల్చేవి రొమ్ము ఎక్స్‌రే, స్కానింగ్. పెద్ద గేదె రొమ్మును చీల్చుకుని చూపగల ఎక్స్‌రే యంత్రం మండల స్థాయి ఆసుపత్రిలో ఉండదు. మీకు దగ్గరలో గన్నవరం ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. మీ పశువైద్యుడి చేత ముందు అక్కడికి మాట్లాడించి బయలుదేరండి. స్కానింగ్‌లో నాలుగు, అయిదో పక్కటెముకల మధ్య, అంటే గుండె ఉండే చోట, తేనెపట్టు పొట్ట ముడుచుకుంటూ కనిపిస్తే ఉదరవితానం చిరిగినట్టే. లోహాన్ని పట్టే యంత్రం కూత పెట్టినంత మాత్రాన కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్న గేదెల పొట్టలో కూడా ఇనుప ముక్కలుంటాయి. అది గుచ్చుకుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

బయలుదేరేలోపు చేయవలసింది కొంచెమే. ముందుకాళ్లు వెనుక కాళ్ల కంటే జానెడున్నర ఎత్తులో ఉండేలా మట్టి పోసి నిలబెట్టండి. పొట్ట బరువు వెనక్కి జరిగి ఊపిరి సుఖంగా ఆడుతుంది. ఎండుగడ్డి, తవుడు, తెలగపిండి ఆపేయండి. పచ్చగడ్డి గుప్పెడు గుప్పెడుగా ఇవ్వండి, మంచినీళ్లు పెట్టండి. నూనె ఇక పట్టవద్దు. ఇది నురుగు ఉబ్బరం కాదు, దారి మూసుకుపోయిన ఉబ్బరం. దానికి నూనె పని చేయదు. ఆయాసపడే గేదెకు గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. వంటసోడా అంతకంటే చేటు. ఈ జబ్బులో రక్తంలో క్లోరైడు, పొటాషియం తగ్గి క్షారగుణం పెరిగే ప్రమాదం ఉంది, మీరు దానికి మరింత క్షారం కలుపుతున్నారు. ఎక్కించవలసింది సెలైను, రక్త పరీక్ష చూసి అందులో పొటాషియం. ఎడమ డొక్క డోలులా బిగిసి గేదె నాలుక బయట పెడితే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి. డొక్కలో గొట్టం దింపి గాలి తీసే పని డాక్టరుది, మీరు కొడవలి మొనతో ప్రయత్నించకండి.

ఆపరేషన్ తట్టుకుంటుందా అని అడిగారు. గుండె సంచి బాగుంటే తట్టుకుంటుంది, ఇంకా రెండు వారాలు మందులతో నెట్టుకొస్తే తట్టుకోదు. పని రెండు విడతల్లో ఉంటుంది. మేత 24 గంటలు, నీళ్లు 12 గంటలు ఆపి, గేదెను నిలబెట్టే ఎడమ డొక్కకు మత్తు సూదులు వేస్తారు. జానెడు పైచిలుకు కోసి, పెద్దపొట్ట తెరిచి, కుళ్లిన మేతను తోడేస్తారు. సర్జన్ భుజం దాకా చేయి పెట్టి తేనెపట్టు పొట్ట గోడలన్నీ తడిమి తీగ తీస్తాడు. కంత ఉంటే అదే చేతికి తెలుస్తుంది. తీగ మాత్రమే ఉంటే కథ అక్కడితో ముగుస్తుంది. కంత ఉంటే, సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాత, పూర్తి మత్తులో వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము ఎముక వెనుక కోసి, జారిన పొట్టను వెనక్కి లాగి, కంతను గట్టి దారంతో కుడతారు. పొర తెరిచి ఉన్నంతసేపూ రొమ్ములోకి గాలి చొరబడి ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి, అందుకే యంత్రంతోనో సంచితోనో ఊపిరి ఆడించాలి. ఆ ఏర్పాటు లేని చోట, ఎంత చేయి తిరిగిన డాక్టరైనా సరే, ఈ రెండో ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

మెడ రక్తనాళం ఉబ్బి, జ్వరం ఉండి, గుండె చప్పుడు నీళ్లు గిలకొట్టినట్టు వినిపిస్తే మాత్రం నేను కత్తి పట్టమని చెప్పను. పక్కటెముక తీసి గుండె సంచిలోని చీము తోడే పద్ధతి ఉంది కానీ, కోలుకునేవి చాలా తక్కువ. ఆ ఖర్చు మీ చేత పెట్టించలేను.

ఆపరేషన్ తర్వాత మందుల విషయంలో అంకెలు గుర్తుంచుకోండి. ప్రొకైన్ పెన్సిలిన్ కిలో బరువుకు 22,000 యూనిట్లు, 24 గంటలకు ఒకసారి, 5 నుంచి 7 రోజులు. 500 కిలోల గేదెకు అది కోటీ పది లక్షల యూనిట్లు. దుకాణంలో ఇచ్చే 40 లక్షల సీసా ఒక్కటి పొడిస్తే అందులో మూడో వంతు పైచిలుకు మాత్రమే. నొప్పికి మెలాక్సికామ్ కిలోకు 0.5 మిల్లీగ్రాములు, మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములున్న మందైతే 50 మిల్లీలీటర్లు, రోజుకోసారి మూడు రోజులు. డైక్లోఫెనాక్ ఎవరిచ్చినా తీసుకోకండి. రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకు నిషేధించారు. ఆఖరి మోతాదు తర్వాత కనీసం అయిదు రోజులు పాలు కేంద్రానికి పోయకండి, మందు సీసా మీద ఇంకా ఎక్కువ గడువుంటే దాన్నే పాటించండి. మొదటి రెండు రోజులు గంజి, పచ్చగడ్డి. ఆరోగ్యంగా ఉన్న పశువు నెమరు ద్రవం 3 నుంచి 5 లీటర్లు డాక్టరు చేత పట్టిస్తే నెమరు త్వరగా మొదలవుతుంది. ఎండుగడ్డి అయిదో రోజు నుంచి, కొద్దికొద్దిగా. కుట్లు 12 నుంచి 14 రోజులకు తీస్తారు. గాయం పూర్తిగా మానేదాకా కాలువలోకి దించవద్దు. మన గేదెను నీళ్లకు దూరంగా ఉంచడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా వీపు మీద నీళ్లు పోసి సరిపెట్టండి. కంత కుట్టిన గేదెను మూడు నెలల దాకా చూలు కట్టించకండి.

ఇక ఆ ఇంజెక్షను. రెండు రోజులు మేసి మానేసిందన్నారు. అది స్టెరాయిడ్ అయి ఉంటుందని నా గట్టి అనుమానం. స్టెరాయిడ్ నొప్పిని మరపించి ఆకలి పుట్టిస్తుంది, దాంతో మీకు ధైర్యం వస్తుంది, దుకాణానికి పేరు వస్తుంది. లోపల మాత్రం చీమును చుట్టి ఆపే గోడ కట్టుకోదు, విషం పాకుతుంది. ఈ పది రోజుల్లో పోయిన విలువైన కాలం చాలావరకు ఆ రెండు రోజుల మేతలోనే పోయింది. చూలు గేదెకైతే అదే సూది దూడను కిందపడేస్తుంది. గొడ్డును ముట్టుకోకుండా, థర్మామీటరు పెట్టకుండా బల్ల వెనుక నుంచి మందిచ్చే మనిషి చేతిలో మీ గేదెను పెట్టకండి. లక్ష రూపాయల గొడ్డు అది.

తీగ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మీ పని, ఎందుకంటే పాకలో మిగతా గొడ్లు కూడా అదే మేత తింటున్నాయి. మన వైపు నేను చూసినవి చెబుతాను. భోగి మంటల్లో వేసిన టైర్లు. రబ్బరు కాలిపోయాక లోపలి సన్నని ఉక్కు తీగలు బూడిదలో మిగులుతాయి, ఆ బూడిద పెంటకుప్పకో గట్టుకో చేరుతుంది, అక్కడే మొలిచిన పచ్చిక గేదె కొరుకుతుంది. టైరు భోగి మంటలో వేయవలసిన వస్తువే కాదు. రొయ్యల చెరువుల మీద పక్షుల వలలకు వాడిన కట్టుతీగ తుప్పు పట్టి తెగి పక్క చేలో పడుతుంది. దాళ్వా కోత యంత్రంతో కోసిన గడ్డిలో ఆ ముక్కలు కలిసి మేటులోకి వెళ్తాయి. కొబ్బరి చీపురుకు కట్టిన తీగ ఊడిపోతే పాక ఊడ్చేటప్పుడు గాడిలో పడుతుంది.

పాడైన పెద్ద స్పీకరులోని అయస్కాంతాన్ని కర్రకు కట్టి, వేసే ముందు గడ్డిలోనూ తవుడు తొట్టిలోనూ తిప్పండి. ఏమేం అంటుకుంటాయో మీరే చూస్తారు. ఏడాది దాటిన పడ్డలకు వేలెడు పొడవున్న గుండ్రటి పశువుల అయస్కాంతాన్ని ఒకసారి మింగిస్తే అది తేనెపట్టు పొట్టలోనే ఉండిపోయి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. మీ గేదెకు ఆపరేషన్ సమయంలోనే ఒకటి వేయమని అడగండి. మోటారు చుట్టలోని రాగి తీగను, అల్యూమినియాన్ని మాత్రం ఏ అయస్కాంతమూ పట్టదు, వాటిని పాకలోకి రానివ్వకపోవడం ఒక్కటే దారి.

రేపు ఉదయాన్నే బయలుదేరండి. వాహనంలో గడ్డి మందంగా పరిచి, గేదెను నిలబెట్టి తీసుకెళ్లండి, కాళ్లు కట్టి పడుకోబెడితే దారిలోనే ఊపిరి ఆగిపోతుంది. ఇప్పటిదాకా వాడిన ప్రతి మందు ఖాళీ సీసా, ముఖ్యంగా ఆ ఇంజెక్షను సీసా, వెంట తీసుకెళ్లి సర్జన్‌కు చూపండి. మత్తు ఎంత ఇవ్వాలో, ఏ రోజు కోయాలో దాన్ని చూశాకే ఆయన నిర్ణయిస్తారు.