అమ్మడూ, ఆ టెస్ట్‌ని ముందు ఫెయిల్ చేసి చూడు

చిరంజీవి అమ్మడుకి, మావయ్య ఆశీస్సులు.

మొదటిసారి నీ చేతికి రివ్యూ వచ్చిందని, అంటే ఇంకొకరు రాసిన కోడ్ సరిచూసే పని వచ్చిందని, అదీ ఫైమ్యాప్ (ఫైల్లోని డేటా డిస్కు మీద ఎక్కడుందో చెప్పే సదుపాయం) టెస్ట్ అని నిన్న ఫోన్‌లో చెప్పినప్పుడు నీ గొంతులో టెన్షన్ తెలిసిపోయింది. "నాకే సరిగ్గా తెలియనిది, నేనేం దిద్దుతాను మావయ్యా" అన్నావు. ఫోన్‌లో అరకొరగా చెప్పడం ఇష్టంలేక కూర్చుని రాస్తున్నాను.

స్క్రిప్ట్ తెరవకముందే లినక్స్ కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో ఫైమ్యాప్ పేజీ చదువు. చిన్నదే, అరగంట చాలు. 2008 చివర్లో 2.6.28 కెర్నల్‌తో వచ్చిన ఐఓసీటీఎల్ ఇది, అంటే ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఒక ప్రత్యేకమైన పని అడిగే పిలుపు. అంతకుముందున్న ఫిబ్‌మ్యాప్‌తో ఒక్కో బ్లాకు గురించి విడివిడిగా అడగాల్సి వచ్చేది, పైగా రూట్ హక్కులు ఉండాలి. ఫైమ్యాప్‌ని ఒక్కసారి అడిగితే ఫైల్లో ఎక్కణ్ణించి ఎక్కడిదాకా ఉన్న డేటా డిస్కు మీద ఎక్కడుందో ఎక్స్‌టెంట్ల లెక్కన, అంటే వరుసగా ఉన్న ముక్కల లెక్కన చెబుతుంది.

తాతయ్య పొలం పాస్‌బుక్ గుర్తుందా? పేరుకి ఒకే రైతు పొలం, కానీ మూడు సర్వే నంబర్లలో ముక్కలుగా ఉంటుంది. ఫైలూ అంతే. అందులో 'అన్‌రిటన్' అని వచ్చిన ముక్క రిజిస్ట్రేషన్ అయి ఇంకా దుక్కి దున్నని చెలక లాంటిది. జాగా కేటాయించారు, డేటా రాయలేదు. 'డిలాలక్' అంటే మాట అనుకున్నారు, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. డేటా మెమరీలో ఉంది, డిస్కు మీద దాని చోటు ఖరారు కాలేదు. ఈ రెండింటి తేడా మనసుకి ఎక్కితే నీ రివ్యూలో సగం పని అయినట్టే.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో చూశాం. 2011లో కోర్‌యుటిల్స్ (లినక్స్‌లో రోజూ వాడే కమాండ్ల ప్యాకేజీ) 8.10లో, ఫైళ్లు కాపీ చేసే సీపీ కమాండ్ ఫైల్లో ఖాళీలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి ఫైమ్యాప్‌ని వాడుకోవడం మొదలుపెట్టింది. అప్పుడే రాసి, ఇంకా డిస్కుకి చేరని డేటాను కొన్ని సందర్భాల్లో ఖాళీ అనుకుంది. కాపీ చేసిన ఫైల్లో డేటా ఉండాల్సిన చోట సున్నాలు! చివరికి 2021లో 9.0 వెర్షన్‌కి ఫైమ్యాప్‌ని వదిలేసి, ఎల్‌సీక్ అనే సిస్టమ్ కాల్‌తో డేటా ఎక్కడ, ఖాళీ ఎక్కడ అని అడిగే పద్ధతికి మారిపోయారు. నీ చేతిలో ఉన్నది ఏదో మూల పడి ఉండే స్క్రిప్ట్ అనుకోకు. ఇలాంటి ప్రశ్నలకి వచ్చే జవాబుల మీద జనం డేటా ఆధారపడింది.

ఇప్పుడు నీ స్క్రిప్ట్. నువ్వు చదివి వినిపించినదాన్ని బట్టి, 256కె (కిలోబైట్ల) ఫైల్లో 64కె నుంచి 128కె దాకా ఒక ముక్క, 192కె నుంచి చివరిదాకా ఇంకో ముక్క రాస్తున్నారు. మిగతాది ఖాళీ. ఎక్స్ఎఫ్ఎస్-ఐఓ టూల్ 512 బైట్ల లెక్కన చూపిస్తుంది కాబట్టి 0..127 హోల్ (ఖాళీ), 128..255 డేటా, 256..383 హోల్, 384..511 డేటా. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత స్క్రిప్ట్ 96కె దగ్గర మొదలుపెట్టి 64కె పొడవుకే అడుగుతోంది. అంటే డేటా ముక్క నడిమధ్య నుంచి. వచ్చే జవాబు 192..255 అనీ, ఆ తర్వాత హోల్ అనీ గోల్డెన్ అవుట్‌పుట్‌లో (టెస్ట్ ఫలితాన్ని పోల్చి చూసే సరైన జవాబులో) రాసిపెట్టారు.

ఇక్కడ ఆగు అమ్మడూ. ఆ 192 ఎక్కణ్ణించి వచ్చింది? రాసినతని మెషీన్ మీద అలా వచ్చింది కాబట్టి అలా పెట్టాడు. డాక్యుమెంటేషన్ ఏమంటోందంటే, ఎక్స్‌టెంట్ డిస్కు మీద ఎలా ఉందో అలాగే తిరిగి రావచ్చు, నువ్వడిగిన చోటుకి ముందే మొదలవ్వచ్చు, అడిగిన చోటు దాటి ముగియవచ్చు అని. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఏముందని అడిగితే ఒక గుమాస్తా ఆ భాగం వరకే చెబుతాడు, ఇంకొకడు సర్వే నంబర్ మొత్తం చదువుతాడు. ఇద్దరిదీ తప్పు కాదు. 128..255 అని జవాబిచ్చే ఫైల్ సిస్టమ్‌ని ఈ టెస్ట్ ఫెయిల్ అంటుంది, అన్యాయంగా. 'లాస్ట్' ఫ్లాగ్ (ఇదే చివరి ముక్క అనే గుర్తు) సంగతీ అంతే. అది ఫైల్లో చివరి ఎక్స్‌టెంట్‌కి పెట్టాల్సింది, కానీ కొన్ని ఫైల్ సిస్టమ్‌లు అడిగిన పరిధిలో చివరిదానికి కూడా పెడతాయని అదే పేజీలో రాసి ఉంది.

కాబట్టి ఆ వరుస దగ్గర నువ్వు రాయాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఫైమ్యాప్ ఇచ్చిన హామీయా, ఒక ఫైల్ సిస్టమ్ అలవాటా? హామీ అయితేనే గోల్డెన్ అవుట్‌పుట్‌లో ఉండాలి. అడిగిన పరిధిలో ఉన్న ప్రతి డేటా బైటూ ఏదో ఒక ఎక్స్‌టెంట్ కిందకి రావాలి, ఖాళీ అన్నచోట డేటా ఉండకూడదు. ఇలా చెక్ చేస్తే ఏ ఫైల్ సిస్టమ్ మీదైనా నిలబడుతుంది. రాసే ముందు ఫైల్‌ని 256కె దాకా ట్రంకేట్ చేశారా, అంటే ఫైల్ సైజు ముందే ఖరారు చేశారా అన్నది కూడా చూడు. లేకపోతే ఫైల్ పెరుగుతున్నప్పుడు ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ముందస్తుగా కేటాయించిన జాగా, ఖాళీ ఉండాల్సిన చోట కనబడొచ్చు. ఫాలొకేట్ చేసి (జాగా ముందే కేటాయించి) మధ్యలో చిన్న ముక్క రాసే టెస్టుల్లో ఇంకో చిక్కుంది. 32కె లోపు అన్‌రిటన్ ముక్కని విడగొట్టే బదులు సున్నాలతో నింపి మామూలు డేటాగా మార్చేయడం ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కి అలవాటు. అది ఆపడానికి ఈ టెస్టులుండే ఎఫ్ఎస్‌టెస్ట్స్ సూట్‌లోనే ఒక ఫంక్షన్ ఉంది, వెతుకు. డేటా రాసే ఆఫ్‌సెట్లు 64కె గుణిజాల్లో పెట్టడం మాత్రం మంచి పని చేశాడు. అది మెచ్చుకుంటూ ఒక మాట రాయి.

క్లీనప్, గ్రూపుల పేర్లు, వేరియబుల్స్‌కి కోట్స్, ఫైమ్యాప్ సపోర్ట్ ఉందో లేదో ముందే అడిగే రిక్వైర్ లైన్, ఇవి పది నిమిషాల పని. చూసేసి ముందుకెళ్లు.

అసలు సంగతి ఇది. ఆ టెస్ట్ ఫెయిల్ అవ్వడం నీ కళ్లతో చూడకుండా ఓకే అనకు. నేను అనేశాను ఒకసారి. ఫైల్ మొత్తాన్ని అడిగిన జవాబు, ముక్కలు ముక్కలుగా అడిగి కలిపిన జవాబు, రెండూ ఒకటేనా అని పోల్చే స్క్రిప్ట్ అది. చక్కగా రాశారు, నాకు ముచ్చటేసింది. ఎర్రర్లన్నీ నల్ డివైస్‌కి (ఏం పంపినా మాయమైపోయే చోటికి) పంపేస్తున్నారని చూశాను కానీ పట్టించుకోలేదు. ఒక సెటప్‌లో ఫైమ్యాప్ పిలుపే ఫెయిల్ అవుతుంటే రెండు జవాబులూ ఖాళీగా వచ్చేవి. ఖాళీకీ ఖాళీకీ తేడా ఉండదుగా, పాస్! నెలల తరబడి పాస్ అయింది. ఆ మధ్యలో నిజమైన బగ్ ఒకటి ఆ టెస్ట్ కళ్ల ముందే దాటిపోయింది. రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు, నన్నూ అనలేదు. కానీ ఆ ప్యాచ్ కింద రివ్యూ చేసినట్టు ఉన్నది నా పేరు. దాన్ని చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకని నీ మెషీన్ మీద ఇలా చెయ్యి. స్క్రిప్ట్‌లో రెండో ముక్క రాసే లైన్‌ని కామెంట్ చేసి నడుపు, ఫెయిల్ అవ్వాలి. 64కెకి బదులు 128కె దగ్గర రాయించి నడుపు, ఫెయిల్ అవ్వాలి. ఏదైనా కెర్నల్ ఫిక్స్ కోసం రాసిన టెస్ట్ అయితే, ఆ ఫిక్స్ తీసేసిన కెర్నల్ మీద నడుపు. ఫెయిల్ అయినప్పుడు తేడా చూస్తే ఏం జరిగిందో అర్థమవుతోందా అన్నది కూడా గమనించు. రాత్రి రెండింటికి ఎవరో ఆ తేడా చదువుకోవాల్సి వస్తుంది. తర్వాత ఎక్స్ఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్ఎస్ మూడింటి మీదా నడిపి ఫలితాలు పక్కపక్కన పెట్టు. బీటీఆర్ఎఫ్ఎస్‌ని కంప్రెషన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి.

జవాబు రాసేటప్పుడు "ఇది తప్పు" అని మొదలుపెట్టకు. "నా దగ్గర ఇలా వచ్చింది, డాక్యుమెంటేషన్‌లో ఇలా ఉంది, మీరేమంటారు?" అని అడుగు. అతను రెండు వారాలు కష్టపడి రాసి ఉంటాడు. నీకు అర్థంకాని లైన్ ఉంటే సిగ్గుపడకుండా అదే అడుగు. నీకు అర్థం కాలేదంటే అక్కడ ఒక కామెంట్ రాయాల్సిన అవసరం ఉందన్నమాటే.

శనివారం దాకా నాకు తీరికే. ఆ 96కె ప్రశ్నకి మూడు ఫైల్ సిస్టమ్‌లూ ఏం జవాబిచ్చాయో అవుట్‌పుట్ యథాతథంగా పంపించు, ఫిల్టర్ వెయ్యకుండా. ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య