గాటు కనపడకపోయినా కట్లపాము కరిచి ఉండొచ్చు

తొలకరి పడింది మొదలు ఈ శీర్షికకు వస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాముల గురించే. అందుకే బీపీ, షుగర్ ప్రశ్నలు వచ్చే నెలకు ఆపి, ఈసారి పేజీ మొత్తం పాముకాటుకే ఇస్తున్నాను. ఇవి వానలు వెళ్లిపోయాక చదివితే పనికొచ్చే సంగతులు కావు.

ప్రశ్న: మా చిన్నాన్న కూతురు పదకొండేళ్ల పిల్ల. రాత్రి చాప వేసుకుని కింద పడుకుంది. తెల్లవారుజామున కడుపులో నొప్పి అంటూ లేచి రెండుసార్లు వాంతి చేసుకుంది. తిన్నది పడలేదేమో అని వాము నీళ్లు పట్టాం. ఇంకాసేపటికి కళ్లు తెరవలేకపోయింది, మాట ముద్దగా వచ్చింది. ఆసుపత్రిలో చూడగానే కట్లపాము అన్నారు. వెంటిలేటర్ మీద ఉంచి బతికించారు. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, పిల్ల ఏదో కుట్టిందని కూడా అనలేదు. పాము కరిస్తే తెలియకుండా ఉంటుందా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, అవనిగడ్డ దగ్గర

జవాబు: ఉంటుందమ్మా. కట్లపాము విషయంలో చాలాసార్లు జరిగేది అదే. దాని కోరలు చిన్నవి, కరిచిన చోట వాపు ఉండదు, నొప్పి దాదాపు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు దోమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. అది పగలంతా ఎలుక బొక్కల్లోనో ఇటుకల కింద, గోడ పగుళ్లలోనో ఉండి రాత్రి బయటికి వస్తుంది. ఎలుకల్నీ బల్లుల్నీ వేరే పాముల్నీ వెతుక్కుంటూ ఇంట్లోకి దూరుతుంది. కింద పడుకున్న మనిషి నిద్రలో చెయ్యి వేసినా పక్కకు దొర్లినా కరుస్తుంది.

మీ పాపకు మొదట కడుపునొప్పి వచ్చింది కదా, ఆ సంగతి ఈ పేజీ చదివే ప్రతి ఇంట్లో అందరికీ తెలియాలి. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కారణం లేకుండా కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టుంది అంటే, వానాకాలంలో ముందుగా కట్లపామును అనుమానించాలి. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, వస్తువులు రెండుగా కనిపిస్తాయి, మింగలేరు, మెడ నిలబడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. అప్పటికీ మనిషికి లోపల స్పృహ ఉండొచ్చు, కానీ కన్ను తెరవలేక, చెయ్యి కదపలేక పడి ఉంటే చూసేవాళ్లు ప్రాణం పోయిందనుకుంటారు. నాకు ఈ సంగతి తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే ఆ స్థితిలో ఊపిరి అందిస్తూ ఆసుపత్రికి చేర్చగలిగితే వాళ్లలో చాలామంది లేచి కూర్చుంటారు.

ఈ విషం నరం కొసల్ని, అంటే నరం కండరానికి కబురు అందించే చోటుని దెబ్బతీస్తుంది. విరుగుడు మందు ఒంట్లో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది కానీ అప్పటికే పాడైన నరం కొసను బాగు చేయలేదు. అది తిరిగి కోలుకోవడానికి రోజులు పడుతుంది, అన్ని రోజులూ మనిషి బదులు మిషన్ ఊపిరి తీయాలి. మీ పాపను వెంటిలేటర్ మీద ఉంచింది అందుకే. మందు ఎంత తొందరగా పడితే అంత మంచిదని మేం పదే పదే చెప్పేదీ అందుకే.

2018 వర్షాకాలంలో మీ దివిసీమలోనే పాముకాట్లు ఎంతగా పెరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది, మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేయించారు. జనం భయం నిజమైనదే, దేవుడికి మొక్కుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. కాకపోతే పొలాల్లో బొక్కలు నీళ్లతో నిండితే ఎలుకలు మెరక మీదికి, ఇళ్లలోకి వస్తాయి, వాటి వెనకాలే పాములూ వస్తాయి. కాబట్టి ఈ నాలుగు నెలలు పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టండి, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. మంచం లేకపోతే చాప మీదైనా తెర కట్టి అంచులు చాప కిందికి నెట్టండి. కట్లపామును అడ్డుకోవడానికి ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలియదు.

ప్రశ్న: గట్టు మీద గడ్డి కోస్తుంటే మా అన్నకు రక్తపింజర కాటేసింది. మా ఊరి పెద్దాయన మోకాలి పైన తాడు బిగించి కట్టి, బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండాడు. వేపాకు నమిలిస్తే చేదు తెలుస్తోందన్నాడు, విషం ఎక్కలేదు పొమ్మన్నాడు. సాయంత్రానికి కాలు వాచిపోయి చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఇప్పుడు డయాలసిస్ చేస్తున్నారు. ఆ పెద్దాయన చాలామందిని బతికించాడని ఊళ్లో అంటారు. మరి మా వాడికెందుకిలా అయింది?
– కౌలు రైతు, నల్గొండ జిల్లా

జవాబు: అన్నా, ముందు మీ అన్న కిడ్నీల గురించి. రక్తపింజర వల్ల దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో కొన్ని వారాల డయాలసిస్ తర్వాత మళ్లీ పని మొదలుపెడతాయి. మధ్యలో ఆపకండి, ఇంటికి తెచ్చేసి పసరు పోయకండి.

పెద్దాయన బతికించినవాళ్ల సంగతి ఇదీ. ఊళ్లో మనుషుల్ని కరిచే పాముల్లో చాలావాటికి ప్రమాదకరమైన విషమే లేదు. నీరుకట్టు, జెర్రిపోతు లాంటివి కరిస్తే మంత్రం వేసినా వేయకపోయినా బతుకుతారు. విషపాము కరిచినా ప్రతిసారీ విషం వదలదు. ఈ రెండు రకాల వాళ్లూ ఆయన ఖాతాలో పడ్డారు. ఆయన మోసగాడని నేను అనను, ఆయన కళ్ల ముందు జనం నిజంగానే బతికారు, అందుకే అంత నమ్మకంగా చెప్తాడు. అసలైన కాటు వచ్చినప్పుడు ఆ నమ్మకమే విలువైన గంటల్ని తినేస్తుంది.

వేపాకు చేదుకీ, మిరపకాయ కారానికీ పాము విషంతో సంబంధం లేదు. రక్తపింజర విషం నాలుకను ఏమీ చేయదు, రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. అలాంటి మనిషికి బ్లేడుతో గాటు పెడితే ఆ గాటు నుంచే రక్తం ఆగదు. తాడు సంగతి కూడా అంతే, ఆ విషం అసలే కరిచిన చోట కండను పాడు చేస్తుంది, పైనుంచి రక్తం అందకుండా బిగిస్తే కాలు తీసేయాల్సి రావచ్చు. ఎవరైనా అప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే మాత్రం దారిలో మీరు విప్పకండి, ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకొచ్చు, డాక్టర్ దగ్గర ఉండి మందులు సిద్ధం చేసుకుని విప్పిస్తారు.

ఆసుపత్రిలో దీనికి ఖరీదైన మిషన్లు కూడా అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు, తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే విషం ఎక్కిందనే, మందు మొదలుపెట్టాలి. ఊళ్లో వేపాకు నమిలించే సమయంలో చేయగల పరీక్ష ఇది.

రక్తపింజరను చాలామంది కొండచిలువ పిల్ల అనుకుని దగ్గరికి వెళ్తారు. లావుగా ఉంటుంది, వీపు మీద గొలుసులా మూడు వరుసల గోధుమరంగు మచ్చలుంటాయి, కదిలిస్తే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్దగా బుస కొడుతుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్కో ఈతలో ఇరవై ముప్పై కూడా ఉండొచ్చు. గడ్డి కోసేటప్పుడు ముందు కర్రతో కదిలించి చూడండి, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి. బురదలో బూట్లతో నడవడం కష్టమని నాకు తెలుసు, కనీసం గట్ల మీద, గడ్డివాముల దగ్గర, రాత్రి మోటారు వేయడానికి వెళ్లేటప్పుడైనా వేసుకోండి, చేతిలో టార్చి ఉండాలి.

ప్రశ్న: కరిచిన పామును చంపి ఆసుపత్రికి తీసుకెళ్లాలా? లేకపోతే మందు వేయరంటున్నారు.
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అక్కర్లేదు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకే విరుగుడు మందు ఇస్తారు. రోగి లక్షణాలు, రక్తపరీక్ష చూస్తే డాక్టర్‌కు సరిపోతుంది. చచ్చిన పాము తల కూడా కాసేపటిదాకా కరవగలదు. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో దొరికితే తీయండి, దొరక్కపోతే వదిలేసి బయల్దేరండి.

ప్రశ్న: మా పశువుల పాకలో నాగుపాము కనిపించింది, మా మామయ్య కొట్టబోతే తప్పించుకుంది. దెబ్బతిన్న పాము పగబట్టి వస్తుందని అత్తయ్య నిద్రపోవడం లేదు. వెల్లుల్లి చల్లాం, ఫినాయిల్ పోశాం. ఇంకేం చేయాలి?
– గృహిణి, పాలకొండ

జవాబు: మీ అత్తయ్య గారితో నా మాటగా చెప్పండి, పాముకు మనిషిని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే తెలివి లేదు. అదే చోటికి మళ్లీ పాము వస్తే అక్కడ తిండి ఉందని అర్థం. పాకలో దాణా, తవుడు ఒలికి ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం నాగుపాము చేరుతుంది. వెల్లుల్లి, ఫినాయిల్ వాసనకు పాములు రావన్న భరోసా లేదు, అవి చల్లి నిశ్చింతగా ఉండటమే ప్రమాదం. దాణా మూత ఉన్న డబ్బాలో పెట్టండి, కట్టెల మోపు, పిడకలు, పాత పెంకులు ఇంటి గోడకు దూరంగా పేర్చండి, బొక్కలు సిమెంటుతో పూడ్చండి, కోళ్ల గూడు పడకగదికి ఆనించి ఉంటే జరపండి. కట్టెలు తీసేటప్పుడు చెయ్యి నేరుగా పెట్టకండి.

మళ్లీ కనిపిస్తే కొట్టడానికి పోకుండా పిల్లల్ని, పశువుల్ని దూరంగా పంపి, అటవీశాఖ వాళ్లకో, దగ్గర్లో పాములు పట్టే శిక్షణ ఉన్నవాళ్లకో ఫోన్ చేయండి. కార్తీకంలో పుట్టలో పాలు పోసి దండం పెట్టుకునే పామును మిగతా పదకొండు నెలలు కర్రతో వెంటాడటం నాకైతే బాధగా ఉంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఒప్పుకోదు.

ప్రశ్న: నేను యూట్యూబ్ చూసి పాములు పట్టడం నేర్చుకున్నాను. మా ఊళ్లో అందరూ నన్నే పిలుస్తారు. రీల్స్‌కి లైకులు కూడా బాగా వస్తున్నాయి. ఇంకా ఏం నేర్చుకోవాలి?
– ఇంటర్ విద్యార్థి, అచ్చంపేట ప్రాంతం

జవాబు: ఆపేయి తమ్ముడూ. ఏళ్ల తరబడి పాములు పట్టిన ఆరితేరిన వాళ్లే కాటుకు పోయారు. నాగుపాము పడగ ముందు చెయ్యి ఆడిస్తూ ఫోన్ చూసుకునేవాడికి రెండో అవకాశం ఉండకపోవచ్చు. ఊరికి మేలు చేయాలని ఉంటే అటవీశాఖ అధికారులను కలిసి సరైన శిక్షణ, పరికరాలు, అనుమతి గురించి అడుగు. అప్పటిదాకా ఎవరైనా పిలిస్తే జనాన్ని దూరంగా ఉంచే పని చెయ్యి, అది కూడా పెద్ద సాయమే.

ప్రశ్న: మా నాన్నకు పాము కరిస్తే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం. మందు ఉంది, కానీ వేస్తే రియాక్షన్ వస్తుంది, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. దారిలోనే చనిపోయారు. ఆ మందు అంత ప్రమాదమా? అక్కడే వేసి ఉంటే బతికేవారా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ఆ రోజు ఆయన పరిస్థితి చూడకుండా బతికేవారని గానీ బతికేవారు కాదని గానీ చెప్పడం మీకు అన్యాయం చేయడమే. మందు గురించి మాత్రం చెప్పగలను. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన విరుగుడును శుద్ధి చేసి ఈ మందు చేస్తారు. ఆ విషం చాలావరకు వచ్చేది తమిళనాడులో 1978లో మొదలైన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి. ఆ తెగకు చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్‌కు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. గుర్రం నుంచి వచ్చిన మందు కాబట్టి కొందరికి దద్దుర్లు, చలి జ్వరం, ఒక్కోసారి బీపీ పడిపోయి ఆయాసం రావచ్చు, అది నిజమే. దానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంది, ముందే సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకుని మందు మొదలుపెట్టాలి. రియాక్షన్‌ను సరిదిద్దొచ్చు. విషం లక్షణాలు కనిపిస్తున్న మనిషికి చేతిలో ఉన్న మందు వేయకుండా గంట ప్రయాణానికి పంపడం సరికాదు, మొదటి డోసు మొదలుపెట్టి పంపాలి. తోటి డాక్టర్ల భయం నాకు తెలుసు, ఏదైనా అయితే బంధువులు మీద పడతారని భయపడతారు. ఆ భయం పోవాలంటే శిక్షణ పెంచాలి, ఊరివాళ్లూ కాస్త ఓపిక పట్టాలి.

2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలు, ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి వీటిని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది ఊళ్లకు చేరేదాకా మనం చేయగలిగినది ఒకటుంది. మీ ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి వానలు ముదరకముందే దగ్గర్లోని ఆసుపత్రులకు వెళ్లి, విరుగుడు మందు ఎన్ని సీసాలుంది, రాత్రిపూట డాక్టర్ ఉంటారా, వెంటిలేటర్ ఎక్కడుంది అని అడగండి. మొదటి డోసుకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి, పిల్లలకైనా పెద్దలకైనా అంతే, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు. తెలుసుకున్న వివరాలు, ఫోన్ నంబర్లతో సహా రచ్చబండ దగ్గర గోడ మీద రాయండి.

కాటు పడిన రోజు మెట్టెలు, గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసేయండి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి వదులుగా కట్టండి, నడిపించకండి. 108 ఆలస్యమయ్యేలా ఉంటే బైకు మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. ఆసుపత్రికి చేరాక విషం లక్షణాలు లేవని మందు వేయకుండా పడుకోబెట్టి చూస్తుంటే గొడవ పడకండి, కరిచిన ప్రతివాళ్లకూ ఆ మందు అవసరం ఉండదు. కానీ 24 గంటలు గడవకుండా ఇంటికి మాత్రం తీసుకురాకండి, ముఖ్యంగా కరిచింది రాత్రిపూట అయితే.