షుగర్ ఉంటే ముందు రెటీనా చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. అకౌంట్స్ పని, రోజూ తొమ్మిది పది గంటలు కంప్యూటర్ ముందే. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి, ఇసుక పడ్డట్టుంటోంది, అక్షరాలు మసకబారుతున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు మూడు నెలలుగా వేసుకుంటున్నాను, వేస్తే తగ్గుతోంది. బ్లూ లైట్ అద్దాలు తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు రెండు సంగతులు రాయలేదు. చివరిసారి రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? ఆ చుక్కల పేరేమిటి?

సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎరుపు, మంట తొందరగా తగ్గిస్తుంది కాబట్టి మంచి మందే దొరికిందనుకుంటారు. నెలల తరబడి వేస్తే కొందరికి కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, తెలియదు. నీటికాసులు (గ్లకోమా) వచ్చి కంటి నరం దెబ్బతింటే పోయిన చూపు మళ్లీ రాదు. శుక్లం కూడా తొందరగా వస్తుంది. చదువుకున్నవాళ్లు కూడా ఇలా షాపులో అడిగి చుక్కలు వేసుకుని వస్తుంటే బాధగా ఉంటుంది. ఈ వారంలోనే ఆ సీసా పట్టుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెంటనే ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది కన్ను చూసినవారే చెప్పాలి.

అప్పుడే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా కూడా చూపించుకోండి. టైప్ 2 షుగర్ బయటపడిన రోజు నుంచే ఏడాదికోసారి చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. రెటీనా దెబ్బతినడం మొదలైనా చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. పరీక్ష కోసం ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి మీరు నడపకండి.

షుగర్ ఎక్కువ తక్కువలవుతుంటే కంటి లెన్స్ ఉబ్బి పవర్ మారుతుంది. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త అద్దాలు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

స్క్రీన్ వల్ల కూడా ఇబ్బంది ఉంటుంది, కాదనను. దానివైపు చూస్తున్నప్పుడు రెప్పలు బాగా తక్కువగా వేస్తాం, షుగర్ ఉన్నవారికి కళ్లు పొడిబారడమూ ఎక్కువే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో దేన్నయినా 20 సెకన్లు చూడండి. ఏసీ గాలి ముఖానికి తగలనివ్వకండి. బ్లూ లైట్ అద్దాలకు డబ్బు పెట్టక్కర్లేదు. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో ఇచ్చిన సమీక్షలో కూడా కంటి అలసట వాటితో తగ్గుతుందనడానికి ఆధారం కనిపించలేదు.

కళ్ల ముందు నల్లచుక్కలు ఒక్కసారిగా పెరిగినా, తెర పడ్డట్టున్నా, ఒక కంటి చూపు తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి.