ఆటో స్కేలింగ్ పెట్టాక ఫొటోలు ఒకసారి కనిపించి మరోసారి 404 రావడం

అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)లో ఆటో స్కేలింగ్, అంటే ట్రాఫిక్‌ను బట్టి సర్వర్లు వాటంతటవే పెరిగి తగ్గే ఏర్పాటు, పెట్టాక యూజర్ల ఫొటోలు ఒకసారి కనిపించి మరోసారి 404 (ఫైల్ దొరకలేదు) వస్తోందన్నారు. మీ యాప్ ఫొటోలను సర్వర్ సొంత డిస్క్‌లోనే సేవ్ చేస్తోంది, సమస్య అదే. ఒక్క సర్వర్ ఉన్నప్పుడు తెలియదు. ఇప్పుడు మూడు ఉన్నాయి కదా, అప్‌లోడ్ ఒకదానికి వెళ్తే, పేజీ రీఫ్రెష్ చేసినప్పుడు లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్ట్‌లను సర్వర్లకు పంచేది) ఇంకోదానికి పంపిస్తుంది, అక్కడ ఆ ఫైల్ ఉండదు. లోడ్ బ్యాలెన్సర్ సెట్టింగ్‌లు మార్చినా లాభం లేదు.

1. కోడ్ ముట్టుకోకముందే ఆటో స్కేలింగ్ గ్రూప్‌లో టర్మినేట్ ప్రాసెస్‌ను (సర్వర్లను తీసేసే పనిని) సస్పెండ్ చేయండి. దాదాపు అందరూ మర్చిపోయేది ఇదే. రాత్రి ట్రాఫిక్ తగ్గి ఒక సర్వర్ పోతే, దాని రూట్ డిస్క్ కూడా మామూలుగా డిలీట్ అయిపోతుంది, యూజర్ల ఫొటోలు ఇక తిరిగి రావు. స్కేల్ ఇన్ ప్రొటెక్షన్ (ట్రాఫిక్ తగ్గినప్పుడు సర్వర్‌ను తీసేయకుండా ఆపే సెట్టింగ్) ఒక్కటే పెట్టి ఊరుకోకండి, హెల్త్ చెక్ (సర్వర్ సరిగ్గా పనిచేస్తోందా అన్న పరీక్ష) ఫెయిలైన సర్వర్‌ను అది కాపాడదు.

2. ఎస్3 (అమెజాన్ ఫైల్ స్టోరేజ్ సర్వీసు)లో ఒక బకెట్, అంటే ఫైళ్లు దాచే చోటు, కొత్తగా క్రియేట్ చేయండి, పబ్లిక్ యాక్సెస్ బ్లాక్ చేసే ఉంచండి. బకెట్‌ను వాడుకునే అనుమతి కోసం సర్వర్లకు ఐఏఎమ్ రోల్ ఇవ్వండి, యాక్సెస్ కీలు కోడ్‌లో పెట్టొద్దు, దయచేసి.

3. కొత్త అప్‌లోడ్‌లు నేరుగా ఎస్3కి వెళ్లేలా కోడ్ మార్చి, మూడు సర్వర్లలోనూ డిప్లాయ్ చేయండి.

4. ఆ తర్వాతే పాత ఫొటోల ఫోల్డర్‌ను ఎస్3 సింక్ కమాండ్‌తో బకెట్‌లోకి ఎక్కించండి, మూడు సర్వర్ల నుంచీ. వేర్వేరు సర్వర్లలో ఫొటో1 లాంటి ఒకే పేర్లు ఉంటే ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, కాబట్టి సర్వర్‌కో ప్రిఫిక్స్ (పేరు ముందు పెట్టే గుర్తు) ఇచ్చి, డేటాబేస్‌లో ఫొటోల పాత్ (ఫైల్ ఉన్న చోటు) మార్చండి.

5. ఫొటోలు చూపించడానికి ప్రీసైన్డ్ యూఆర్ఎల్ (కొంతసేపే పనిచేసే లింక్) వాడండి.

6. డేటాబేస్‌లోని ప్రతి పాత్ బకెట్‌లో ఉందని సరిచూసుకున్నాకే టర్మినేట్ ప్రాసెస్‌ను మళ్లీ ఆన్ చేయండి.